పై పొరలో ఒక చోటు

దిగుమతి కావాల్సిన కొవ్వు అణువులు కస్టమ్స్ గోదాములో చిక్కుకుని ఎంతకీ రాకపోవడంతో, జాతీయ కృత్రిమ త్వచ పరిశోధనా సంస్థవారు ఆ ఏడాది తమ రిసెర్చ్ స్కాలర్లనే రెండు వరుసలుగా నిలబెట్టి కణత్వచం తయారుచేశారు. ఇందులో వింతేమీ లేదు. మార్చి ముగిసేలోగా పని కాకపోతే గ్రాంటు వెనక్కి పోతుంది. ఆ సంస్థలో అసాధ్యమైనది అదొక్కటే, మిగతావన్నీ సాధ్యమే. "ప్రత్యామ్నాయ పదార్థాల వినియోగం" అన్న శీర్షిక కింద ఫైలు నడిచింది. పదార్థం ఆవరణలోనే హాస్టల్ గదుల్లో దొరుకుతోంది కాబట్టి ఆర్థిక విభాగం కూడా అడ్డు చెప్పలేదు.

త్వచం అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. మన ఒంట్లో ప్రతి కణానికీ చుట్టూ ఒక పల్చటి పొర ఉంటుంది. ఏది లోపలికి రావాలో, ఏది బయటే ఆగాలో చూసుకునేది అదే. దాన్ని కట్టేవి కొవ్వు అణువులు. ఒక్కో అణువుకీ ఒక తల, ఒక జత తోకలు. తలకు నీళ్లంటే ప్రాణం, తోకలకు నీళ్లంటే గిట్టదు. అందుకని అవి రెండు వరుసలు కట్టి, తోకలు తోకలకు ఆనించి, తలలు నీటివైపు పెట్టి నిలబడతాయి. బతికున్న కణం దగ్గరికి వెళ్లి ఆ పొరను చూడడం కష్టం, అక్కడ గోల ఎక్కువ. కాబట్టి శాస్త్రజ్ఞులు శుభ్రమైన గాజు పలక మీద నీళ్లు పోసి, అందులో అచ్చం అలాంటి పొరనే పరిచి, తీరిగ్గా చూసుకుంటారు. లోకమంతా చేస్తున్న పనే. ఈ సంస్థ చేసిందల్లా అణువుల బదులు మనుషుల్ని వాడడం. మనుషులకూ ఒక తల, ఒక జత కాళ్లు ఉన్నాయి, ఇంకేం కావాలి?

ఆ పొరలో పై వరుసలో, కిటికీ వైపు మూలనుంచి కాస్త లోపలికి వస్తే, అక్కడ గుండేటి స్వరూప చోటు. సిరిసిల్ల అమ్మాయి. తండ్రి మరమగ్గాల మీద బతికి, ఆ దుమ్ముతోనే పోయాడు. తల్లి బీడీలు చుట్టి ఇద్దరాడపిల్లల్ని చదివించింది. ఆ ఇంటికీ, ఆ వాడకూ కూడా పేరు ముందు డాక్టరు అని రాసుకోబోయే మొదటి మనిషి స్వరూప. థీసిస్ రాయడం అయింది, బైండింగ్ అయింది, గైడు డాక్టర్ కొమరగిరి ఫణిభూషణం గారి బల్ల మీద పెట్టడమూ అయింది. ఆయన సంతకం ఒక్కటే మిగిలింది. ఆ సంతకం కోసం ఆమె ఆయన ఉపన్యాసాలకు స్లైడ్లు చేసింది, ఆయన రాయాల్సిన సమీక్షలు రాసింది, ఆయన కూతురి స్కూలుకి థర్మకోలుతో సౌరకుటుంబం చేసిపెట్టింది. ఈ మార్చి దాటితే ఆమె రిజిస్ట్రేషన్ రద్దవుతుంది, రాసిందంతా చిత్తుకాగితం కిందే లెక్క.

"నీ థీసిస్ దేనిమీదమ్మా? గాజు మీద త్వచం కట్టడం మీద. రాసినదాంట్లోకి నువ్వే దిగి నిలబడే యోగం ఎంతమందికి పడుతుంది చెప్పు?" అన్నారు ఫణిభూషణం గారు.

"సార్, మరి సంతకం?"

"ఢిల్లీ కమిటీ వచ్చి త్వచాన్ని పాస్ చేసిన రోజే నీ సంతకం. నేను మాట తప్పడం ఎప్పుడైనా చూశావా?"

ఆయన మాట ఇవ్వడమే స్వరూప ఎప్పుడూ చూడలేదు, ఇంక తప్పడం ఎక్కడిది? అయినా తలూపింది. మరీ పనికిమాలిన మొహమాటమని మీరనుకోవచ్చు. గైడు సంతకం కోసం కాచుకున్నవాళ్లెవరూ అలా అనుకోరు.

సిల్వర్ జూబ్లీ హాల్లో కుర్చీలన్నీ ఎత్తించి, గోడ నుంచి గోడ దాకా గాజు పలకలు పరిపించారు. పొర కుదరాలంటే గాజు మహా శుభ్రంగా ఉండాలి. వేలిముద్రంత జిడ్డున్నా అక్కడ పొర అతకదు, కన్నం పడుతుంది. గాజు కొత్తదే కానీ హాలు పాతది. ఇన్నేళ్లుగా అక్కడ ఒకరినొకరు పొగుడుకున్న మాటలన్నీ పైకప్పుకు పట్టి, మెల్లగా గాజు మీదికి కారుతూనే ఉన్నాయి. యాసిడ్‌తో కడిగించారు, స్పిరిట్‌తో తుడిపించారు. పాత డైరెక్టర్ల ఫోటోలు గోడల మీదనుంచి దింపాక గానీ జిడ్డు వదల్లేదు. ఆ తర్వాత ట్యాంకర్లు పిలిపించి హాలు నింపారు. ఒకసారి పొర కట్టాక నీళ్లు తీయకూడదు, గాలి తగిలితే చిరిగిపోతుంది. ఈ సంగతి స్కాలర్లకు ముందే చెప్పారు. అలా ఎన్నాళ్లని మాత్రం ఎవరూ అడగలేదు, అడిగితే పేరు గుర్తుపెట్టుకుంటారని భయం.

ల్యాబులో అయితే కొవ్వు అణువుల్ని ముందు చిన్న చిన్న బుడగలుగా చేస్తారు. ఆ బుడగలు గాజుకు అతుక్కుని, ఒకదాన్నొకటి ఒరుసుకుని, పగిలి, పరుచుకుని ఒకే పొరగా కలిసిపోతాయి. ఇక్కడ బుడగలు ప్రత్యేకంగా చేయాల్సిన అవసరం పడలేదు. క్యాంటీన్లో ఎప్పటినుంచో తయారుగా ఉన్నాయి. కరీంనగర్ వాళ్లదొక టేబులు, శ్రీకాకుళం వాళ్లదొక టేబులు, గుంటూరు వాళ్లది రెండు టేబుళ్లు జరిపి కలుపుకున్నది, అనంతపురం వాళ్లది చేతులు కడుక్కునే కుళాయి పక్కన. ఇది పైకి చెప్పుకునే లెక్క. లోపలి లెక్క కులాలది. అది ఎక్కడా రాసి ఉండదు కానీ, కొత్తగా చేరినవాడికి రెండు పూటల భోజనంలో తెలిసిపోతుంది. ఆ టేబుళ్లను మనుషులతో సహా ఉన్నవి ఉన్నట్టుగా తెచ్చి హాలు నీళ్లలో వదిలారు.

వదిలారు కానీ, ఒక్కటి పగిలితే ఒట్టు. ఎవరి టేబులు వాళ్లదిగా గాజు మీదికి దిగి, గుండ్రంగా మూసుకుని కూర్చున్నాయి. ల్యాబులో ఇలాంటప్పుడు చిటికెడు కాల్షియం ఉప్పు కలుపుతారు. ఇక్కడ పరిపాలనాధికారి నరహరి గారు మైకు అందుకుని, పొరలో కలవనివారికి ఫెలోషిప్ పొడిగింపు ఉండదని ఒక పుకారు తిరుగుతోందనీ, దాన్ని ఎవరూ నమ్మవద్దనీ ప్రకటించారు. బుడగలన్నీ టపటపా పగిలాయి. పక్క జిల్లా వాడు నీళ్లగ్లాసు అడిగితే ముఖం తిప్పుకునేవాళ్లు వాడి భుజానికి భుజం ఆనించి నిలబడ్డారు. ఇన్నేళ్లలో జాతీయ సమైక్యతా వారోత్సవాలు సాధించలేనిది ఆ ఒక్క ప్రకటన సాధించిందని నరహరి గారు తర్వాత చాలా చోట్ల చెప్పుకున్నారు.

కింది పొర వాళ్లు తలలు గాజుకు ఆనించి, కాళ్లు పైకి పెట్టి నిలబడాలి. పై పొర వాళ్లు ఆ పాదాల మీద పాదాలు మోపి, తలలు పైకెత్తి నిలబడాలి. కింది పొరలోకి కాంట్రాక్టు మీద పనిచేసే ప్రాజెక్టు అసిస్టెంట్లను తీసుకున్నారు. వాళ్లకు యోగా దినోత్సవం నాడు శీర్షాసనం నేర్పించి ఉన్నారు. నీళ్లలో ఊపిరి సంగతేమిటని సమావేశంలో ఒకరు అడిగారు. ప్రశ్న మినిట్సులో నమోదైంది, దానితో ఆ సమస్య తీరిపోయింది. తలకీ గాజుకీ మధ్య మెత్తటిదేదైనా వేయమని కింది పొర వాళ్లు అడిగారు. పెద్ద పెద్ద ల్యాబుల్లో నిజంగానే అలాంటి పరుపు వేస్తారు, స్వరూప థీసిస్‌లో దాని మీద ఒక అధ్యాయమే ఉంది. పరుపుకు వేరే గ్రాంటు కావాలన్నారు.

స్వరూప పాదాల కింద ఉన్నవి యాకూబ్ పాషా అనే హనుమకొండ కుర్రాడి పాదాలు. అతను పోస్టు గ్రాడ్యుయేషన్‌లో గోల్డ్ మెడలిస్టు.

"మేడం, ఆ ఎడమ మడిమె జర పక్కకు పెట్టుండ్రి," అన్నాడు కిందినుంచి మొదటి రోజే.

"తప్పయింది తమ్మీ. నీకు ఎక్కువ నొస్తుందా?"

"నొప్పిదేముంది మేడం, అలవాటైతది. ఇంతకుముందు గూడ తలకిందులుగనే ఉన్న, అప్పుడు జీతం ఇంతకంటె తక్కువ."

పొరలో కొన్ని ధర్మాలు వాటంతటవే అమల్లోకి వచ్చాయి. పై వరుసలో వాళ్లు నీటిలో మెల్లగా పక్కలకు జరుగుతూ ఉంటారు. ఇవాళ కిటికీ దగ్గర ఉన్నవాళ్లు రేపు తలుపు దగ్గరికి చేరొచ్చు. రికార్డులో చోటుకు రాసిన పేరు మాత్రం మారదు, మనుషులే తిరిగి తమ చోటికి వచ్చి చేరాలి. కింది వరుస గాజుకు అతుక్కుపోయి అంతగా కదలదు. కింది నుంచి పైకి రావడం అసాధ్యమేం కాదు, అరుదు. దానికి మధ్యలో సాయంపట్టే శక్తి ఒకటి కావాలి. కణాల్లో దానికొక ఎంజైమ్ ఉంటుంది. ఇక్కడ ఎమ్మెల్యే గారి ఉత్తరం ఉంటే సరిపోయేది. ఇక పొరను దాటి బయటికి వెళ్లే సంగతి. బరువూ విలువా లేనివి ఎవరి సాయమూ లేకుండా దాటిపోతాయి. అందుకే పుకార్లు ఒక్క నిమిషం కూడా ఆగేవి కావు. సెలవు చీటీల్లాంటివి దాటవు. వాటికోసం రెండు పొరలకూ అడ్డంగా ఒక మార్గం అమర్చారు. ఆ మార్గం డైరెక్టర్ గారి బావమరిది. కణత్వచంలోనూ ప్రొటీన్లు అలాగే ఉంటాయని, పాఠ్యపుస్తకం తీసి చూసుకోమని డైరెక్టర్ గారు అన్నారు. పాఠ్యపుస్తకంలో నిజంగానే అలాగే ఉంది.

స్వరూప పక్క చోటు పైల సునందది. పలాస అమ్మాయి, స్వరూప కంటే నాలుగేళ్లు చిన్న. తండ్రి జీడిపప్పు బట్టీలో పనిచేస్తాడు. అందరి ఫోన్లూ నీళ్లు చొరని సంచుల్లో ఎవరి చోటు దగ్గర వాళ్లకు వేలాడగట్టి ఉండేవి. జరిగినప్పుడు మనుషులే జరిగేవారు, ఫోన్లు చోటుతోపాటే ఉండేవి. పక్కపక్కన ఉండడంతో స్వరూప తల్లి మాటలన్నీ సునందకూ, సునంద తండ్రి మాటలన్నీ స్వరూపకూ కంఠతా వచ్చేశాయి. మాట్లాడుకోవడానికి ఇంకేమీ లేనప్పుడు స్వరూప తన థీసిస్ అధ్యాయం అధ్యాయం చొప్పున సునందకు చెప్పేది. వైవాలో ఏం అడుగుతారో, తనేం చెప్పాలో పైకే అనుకునేది. సునంద పరీక్షకుడిలా గొంతు పెట్టి ప్రశ్నలడిగేది. ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. ఆ రోజులు బాగానే గడిచాయి.

"ఏటక్కా, డాక్టరైపోయాక నన్ను గుర్తుపడతావేటి?" అని ఏడిపించేది సునంద.

"నిన్నెట్ల మర్చిపోతనే? మా అమ్మ కన్న నీ మొకమే ఎక్కువ చూసిన."

ఢిల్లీ నుంచి కమిటీ వచ్చింది. అధ్యక్షుడు పెద్దమనిషి, గాజు పొడవునా తిరిగి చూసి, పొర ఉందని ఒప్పుకున్నాడు. ఉంటే చాలదు, అది పారుతూ ఉండాలి. బతికున్న పొర ఎప్పుడూ పారుతుంది, చచ్చినది బిగుసుకుపోతుంది. ఆ తేడా పట్టడానికి శాస్త్రంలో ఒక పరీక్ష ఉంది. పొరలో అణువులకు మెరిసే రంగు పట్టిస్తారు. పదునైన వెలుతురు ఒకచోట గురిపెట్టి అక్కడి రంగు కాల్చేస్తారు. నల్లటి మచ్చ పడుతుంది. తర్వాత చూస్తూ కూర్చుంటారు. మచ్చ పూడిపోయి, ఆ చోటు మళ్లీ వెలిగితే పొర బతికున్నట్టు. ఎంత తొందరగా పూడితే అంత ఆరోగ్యం. స్కాలర్లందరికీ అప్పటికే మెరిసే జాకెట్లు తొడిగించారు. కాల్చడానికి ఒక చోటు ఎంచుకోమని అధ్యక్షుడు ఫణిభూషణం గారితో అన్నాడు.

ఆయన స్వరూప తల దగ్గర కిటికీ గట్టు మీద గొంతుక్కూర్చున్నారు.

"నీకంటే బాగా వెలిగేవాళ్లు ఇక్కడెవరూ లేరమ్మా. అందుకే నిన్ను అనుకున్నాను. ఒక్క క్షణం కళ్లు మూసుకో, అయిపోతుంది."

 ఆ పరీక్ష గురించి థీసిస్‌లో రాసింది స్వరూపే కదా. మచ్చ పూడడం అంటే కాలినది బాగుపడడం కాదని, కాలిన అణువు ఎప్పటికీ అలాగే ఉండి ఎటో కొట్టుకుపోతుందని, వెలుగుతున్నవి పక్కనుంచి వచ్చి ఆ చోట్లో నిలబడతాయని ఆమె తన మూడో అధ్యాయంలో బొమ్మ గీసి మరీ వివరించింది. ఫణిభూషణం గారు ఆ అధ్యాయం చదివి ఉంటే ఆమెకు ఇప్పుడు ఇది అడిగే పని తప్పేది.

"సార్, కాల్చినంక నా పేరు ఉంటదా?"

"పేరెక్కడికి పోతుందమ్మా? పేరు రికార్డుల్లో భద్రంగా ఉంటుంది."

"మరి నేను?"

"నువ్వూ ఇక్కడే ఉంటావు, నీళ్లలోంచి ఎక్కడికి పోతావు? చూడమ్మా, సాయంత్రం సంతకం పెడతాను. పెన్ను కూడా తెచ్చుకున్నాను." నిజంగానే జేబులోంచి పెన్ను తీసి చూపించారు.

వద్దంటే ఏమవుతుందో స్వరూపకు తెలుసు. వద్దనడానికి చాలా ధైర్యం కావాలి, ఆ ధైర్యమంతా ఇన్నేళ్లూ సరేనడంలోనే ఖర్చయిపోయింది. కళ్లు మూసుకుంది. వెలుతురు పడింది. మంట లేదు, నొప్పి లేదు. ఎవరో ఒంటి మీద చన్నీళ్లు గుమ్మరించినట్టు జివ్వుమంది, అంతే. కళ్లు తెరిచేసరికి జాకెట్ మీద మెరుపు లేదు. చేతులు చూసుకుంది, ఉన్నాయి. పాషాను పిలిచింది.

"ఎవలది?" అన్నాడు పాషా. "బరువు తెలుస్తున్నది గని, మనిషి కనబడ్తలేదు."

కాలినవాళ్లు చావరు. ఉంటారు, కాకపోతే ఎవరి లెక్కకీ రారు. చూసేవాళ్ల చూపు వాళ్ల మీదనుంచి జారి పక్కవాళ్ల మీద ఆగుతుంది. స్వరూప తన చోట్లో ఆగడానికి కాళ్లు బిగబట్టింది. కానీ పొర పారుతోంది, పారుతున్నదాంట్లో కాళ్లు బిగబట్టి ప్రయోజనమేముంది? ఆమె మెల్లగా పక్కకు జరిగిపోయింది, పక్కనున్న సునంద వెలుగుతూ వచ్చి ఆ చోట్లో నిలబడింది. గోడ మీద తెరలో ఆ చోటి వెలుగును చూపే గీత కిందికి పడి, మళ్లీ చకచకా పైకి లేచింది. మచ్చ ఎక్కడుండేదో వేలుపెట్టి చూపించమని అధ్యక్షుడు అడిగితే ఎవరూ చూపించలేకపోయారు. హాలంతా చప్పట్లు.

"అక్కడ ఇందాక ఎవరుండేవారు?" అన్నాడు అధ్యక్షుడు.

"గుండేటి స్వరూప, సార్."

"ఇప్పుడు?"

ఫణిభూషణం గారు రికార్డు చూసుకున్నారు. "గుండేటి స్వరూప, సార్."

"అద్భుతం," అన్నాడు అధ్యక్షుడు.

సాయంత్రం ఫణిభూషణం గారు మాట నిలబెట్టుకున్నారు. ఆయన్ని తక్కువ అంచనా వేసినవాళ్లంతా చెంపలేసుకోవాలి. థీసిస్ తెచ్చి, అందరి ముందూ సంతకం పెట్టి, ఆ చోట్లో ఉన్న అమ్మాయి చేతికిచ్చారు. ఇచ్చి, "కంగ్రాచ్యులేషన్స్ స్వరూపా," అన్నారు.

"సార్! నేనిక్కడున్న!" అని స్వరూప అరిచింది. ఆయన అటు తిరిగారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "ఎవరమ్మా అది? నీ గైడు ఎవరు? ఆయన్ని కలువు," అనేసి, కమిటీతో డిన్నర్‌కు వెళ్లిపోయారు.

 సునంద థీసిస్‌ను పాము పిల్లలా దూరంగా పట్టుకుంది. "అక్కా, నేనేటి సేస్తాను? సోటు ఖాళీ అయ్యీసరికి జారిపోనాను. కావాలని రాలేదక్కా, ఒట్టు."

"నాకు తెల్సు," అంది స్వరూప. తెలుసు కూడా. జారడంలో ఎవరి తప్పూ ఉండదని మూడో అధ్యాయంలో ఉంది. "ఇటియ్యి మరి. వాపస్ జరుగు."

సునంద జరగడానికి నిజంగానే ప్రయత్నించింది. ఖాళీ లేదు. ఆమె వదిలిన చోటు దాకా ఇంకెవరో జరిగి వచ్చేశారు, వాళ్ల వెనక ఇంకెవరో. మర్నాడు నరహరి గారిని అడిగితే, వెలుగుతున్నవాళ్లను కదిపే అధికారం తనకు లేదని, కాలినవాళ్ల ఫిర్యాదు తీసుకోవడానికి కాలినవాళ్లెవరూ రికార్డుల్లో లేరని చెప్పారు. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు.

వైవా కూడా ఆ హాల్లోనే జరిగింది. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు మచ్చ పూడడం గురించే అడిగాడు. సునంద దాదాపు తడబడకుండానే చెప్పింది. ఎందుకు చెప్పదు, ఆ ప్రశ్నలన్నీ తనే అడిగి, జవాబులన్నీ విన్నదే కదా. ఒకచోట మాట ఆగిపోతే, పక్కనుంచి స్వరూప గబుక్కున అందించింది. అందించాక నాలుక కరుచుకుంది. కానీ ఏం చేస్తుంది, తన పని గురించి ఎవరో తప్పు చెబుతుంటే వినలేకపోయింది. ఆ జవాబు పరీక్షకుడికి చాలా నచ్చింది. డిగ్రీ వచ్చేసింది, పేరు ముందు డాక్టరు చేరింది. డాక్టర్ గుండేటి స్వరూప అని పిలిచినప్పుడల్లా సునంద మొదట్లో ఉలిక్కిపడేది, తర్వాత్తర్వాత తిరిగి చూడడం నేర్చుకుంది.

కమిటీ నివేదికను దేశమంతా మెచ్చుకున్నారు. పొరను జాతీయ సదుపాయంగా ప్రకటించారు. అంటే ఇక నీళ్లు తీయరు. మచ్చ పరీక్ష పరిశోధనా సంస్థలతో ఆగలేదు. కాలేజీల్లో చేశారు, బ్యాంకుల్లో చేశారు, ఆస్పత్రుల్లో, టీవీ ఛానళ్లలో, పార్టీ ఆఫీసుల్లో చేశారు. ఉన్నట్టుండి ఒకరిని కాల్చేస్తారు, ఆ కుర్చీ ఎంతసేపట్లో నిండుతుందో చూస్తారు. మంచి సంస్థల్లో కాఫీ చల్లారేలోగా నిండిపోతోందట. మీ ఆఫీసులోనూ చేసే ఉంటారు. మీకు ఎవరూ గుర్తు రావడం లేదంటే పరీక్ష నెగ్గినట్టే.

ఆదివారం స్వరూప చోటు దగ్గర ఫోను మోగింది. ఆ చోట్లో ఉన్నది సునంద కాబట్టి సునందే ఎత్తింది.

"బిడ్డా, తిన్నవా?" అంది స్వరూప తల్లి. స్పీకర్లోంచి ఆమె గొంతు నీళ్ల మీద స్పష్టంగా వినిపిస్తోంది.

సునంద స్వరూప ఉన్న వైపు చూసింది. చూపు ఎప్పటిలాగే పక్కకు జారిపోయింది. "తిన్ననే అమ్మా," అంది.

"గొంతేంది గట్లున్నది?"

"సర్దయిందమ్మా. నీళ్లల్ల ఉంటిమి గద."

"పసుపేసుకుని పాలు తాగు. డాక్టరువైనవంట గద బిడ్డా! వాడకట్టంత చెప్పిన. మీ నాయిన ఉంటే ఇయ్యాల నేల మీద కాలు పెట్టకపోవు." ఆమె ఏడుస్తోంది, నవ్వుతోంది. "నా బిడ్డ గొంతు విని ఎన్ని రోజులాయె. జర మాట్లాడు, వింట."

"అమ్మా!" అని అరిచింది స్వరూప. "నేనే అమ్మా! గది నేను గాదే, నేనిక్కడున్ననే!" ఇన్నేళ్లూ ఎవరి మీదా గొంతెత్తని పిల్ల, గొంతు చిరిగేలా అరిచింది. ఏడ్చింది. నీళ్లలో ఏడిస్తే కన్నీళ్లయితే కనబడవు కానీ, ఏడుపు వినబడుతుంది.

ఆ ఏడుపు ఫోన్లో తల్లి దాకా వెళ్లింది. "నీ పక్కకు ఎవలో పిల్ల ఏడుస్తున్నట్టున్నదే. ఎవలు బిడ్డా?"

సునంద ఫోనును ఏడుపు వినబడుతున్న వైపు తిప్పింది.

"ఎవలైతేంది, జర దగ్గరికి తీసుకో. పరాయి జాగల ఎవలు లేరో ఏమో పాపం. నువ్వైతే డాక్టరువైనవు, దానికింక కాలేదేమో. బెంగపడద్దని చెప్పు. దేవుడున్నడని చెప్పు."

ఫోను పెట్టేశాక సునంద చెయ్యి చాపింది. ఎటు చాపాలో తెలియక నీళ్లను నిమిరింది. స్వరూప ఆ చేతి కిందికి తల పెట్టలేదు, అప్పటికే పొర పారుతూ ఆమెను ఇంకో చోటికి జరిపేసింది. ఆ చోటు పైల సునందది, మొదట అక్కడికి జరిగి వచ్చినవాళ్లు ఇంకా పక్కకు జరిగిపోవడంతో ఖాళీగా ఉంది. కొద్ది రోజులుగా ఇలాంటి ఖాళీల్లోకి కాలినవాళ్లనే తోస్తున్నారు, ఎవరో ఒకరు నిండడం ముఖ్యం కాబట్టి. అక్కడ సంచీలో ఫోను మోగడం మొదలుపెట్టింది.

 ఎవరూ ఎత్తలేదు. ఎత్తేందుకు ఆ చోట్లో స్వరూప తప్ప ఎవరూ లేరు. అవతల మనిషి పెట్టేసి, మళ్లీ చేశాడు, మళ్లీ చేశాడు. పొద్దంతా జీడిబట్టీ దగ్గర నిలబడి వచ్చిన మనిషి, అన్నం ముందు కూర్చుని కూతురి కోసం ఫోను పట్టుకున్నాడని ఆమెకు తెలుసు. ఎత్తింది.

"ఏటమ్మా సునందా, ఇంతసేపూ ఫోనెత్తవేటి? నాకు బయమేసీసింది."

"ఏటీ లేదు నాన్నా," అంది స్వరూప. మొదటి మాట కాస్త వంకరగా వచ్చింది, రెండోది సాఫీగానే వచ్చింది. "పక్కనెవలో అమ్మాయి ఏడుస్తుంటే ఊరుకోబెడుతున్నాను."

"మంచి పని సేసినావు. తిన్నావా?"

"తిన్నాను నాన్నా. నువ్వు తిన్నావేటి?"

అడిగాక, ఆయన తిన్నాడో లేదో నిజంగానే తెలుసుకోవాలనిపించి, ఫోను చెవికి గట్టిగా ఆనించుకుంది.